తల తుంచి వదిలేశారా? తుంచనట్టే లెక్క!

ముందు మాట చెప్పేస్తా, తర్వాత తిట్టుకోండి. తల, అంటే కొస చిగురు తుంచి, కొమ్మలు వంచకుండా వదిలేసిన మొక్క తుంచనట్టే లెక్క!

పోయిన వీడియోలో మిరప మొక్కకి ఈ రెండూ చేయమన్నానా, ఇక కామెంట్లలో రెండు పార్టీలు. "రెండూ చేస్తే చచ్చిపోతుంది" అని ఒకరు, "మిరప తనే పంగ చీలుతుంది, తుంచడం దేనికి" అని ఇంకొకరు. చీలుతుంది, కాదనను, కానీ ఎక్కడ? పైన, మొదటి పువ్వు దగ్గర. మరి కింద కణుపుల్లో నిద్రపోతున్న మొగ్గల సంగతేంటి?

పెత్తనమంతా ఆ కొస చిగురుది. అక్కడ పుట్టే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ పక్క మొగ్గల నోరు నొక్కేస్తుంది. 1930లలోనే థీమన్, స్కూగ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిక్కుడు జాతి మొక్క తల కోసి, కోసిన చోట ఆక్సిన్ పెట్టి చూశారు. తల లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు! సరే, మనం తుంచాం, పెత్తనం పోయింది. ఎన్నాళ్లు? పైన మిగిలిన రెండు కొమ్మలు నిటారుగా లేచి కొత్త పెత్తందార్లయ్యేదాకా, అంతే. కిందవి మళ్లీ మూల కూర్చుంటాయి. ఆ రెండింటినీ పక్కకి పడుకోబెట్టి కట్టారనుకోండి, అప్పుడు కిందవాటికి ఎండ తగులుతుంది, అన్నీ ఒకే ఎత్తుకొచ్చి పోటీ పడతాయి.

ఒకే రోజు రెండూ చేసేసి నన్నంటే ఎలా బాబూ? తుంచాక కొత్త చిగుర్లు బాగా సాగేదాకా, ఓ వారం పది రోజులు ఆగాలి. అలాగని కాండం కట్టెలా గట్టిపడేదాకా కాదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది పిల్లల గురించే అనుకుంటాం గానీ, ముందు మొక్క గురించే కదా! మెత్తటి గుడ్డపీలికతో వదులుగా కట్టండి, రోజుకి కాస్త కిందికి లాగండి. కొస మళ్లీ ఆకాశం వైపు తిరుగుతుంది, భయపడకండి. ఫట్‌మని చిట్లితే టేపు చుట్టండి, చాలాసార్లు అతుక్కుంటుంది.

ఇక ఆకులు పీకే బ్యాచ్, మీతోనే నాకు తలనొప్పి. తల తీసిన రోజే ఆకులూ దూసేస్తారా? 2014లో బఠాణీ మొక్కల మీద తేల్చారు: తల తీయగానే, ఆక్సిన్ ఇంకా తగ్గకముందే, చక్కెర వెళ్లి మొగ్గల్ని లేపుతుందట. ఆ చక్కెర తయారయ్యేది ఆకుల్లోనే కదండీ! నన్నడిగితే "రెండూ చేశాను, మొక్క పోయింది" అన్న కామెంట్లలో సగం ఈ ఆకుల పీకుడు బాపతే.

మొక్కజొన్న మీద, ఒక్క పువ్వే పూసే పొద్దుతిరుగుడు మీద మాత్రం ఈ ప్రయోగం చేసి నా దగ్గరికి రాకండి, వాటికున్నదే ఒక్క తల.