పేరు కత్తిరించేసిన భజన

(కడపలో డిగ్రీ కంప్యూటర్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, ఈ ఎండలో వచ్చిన తల్లిదండ్రులకు, ముందు వరుసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు కూడా నమస్కారం. ఇంకా పేర్లు చాలా రాసిచ్చారు, చదివితే టైమంతా వాటికే పోతుంది, ఏమీ అనుకోవద్దు. నాకిచ్చిన అంశం డిజిటల్ సంగీతం, వెబ్ టెక్నాలజీ, నేటి పరిస్థితులు. మైక్ సెట్టు, కాసెట్ రికార్డింగు చేసుకుని బతికిన మనిషికి ఇది బరువైన అంశమే. ఇచ్చారు కాబట్టి మాట్లాడతా.

ముందు ఎంపీ3, అంటే పాటను చిన్న ఫైలుగా కుదించే పద్ధతి. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ ఇంజినీర్ల పని అది. ఫైలు పేరు చివర ఎంపీ3 అనే తోక 1995లో తగిలింది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు తినే పాటను 128కి దించారు. పెద్ద శబ్దం పక్కనుండే చిన్న శబ్దం మన చెవికి ఆనదు కదా, ఆనని దాన్ని తీసి పారేశారు. తెలివైన పనే. కానీ మన చెక్కభజన దగ్గర అది తడబడుతుంది. చెక్కల దెబ్బ ఠక్కున పుట్టి ఠక్కున పోతుంది. ఎంపీ3 ఏమో శబ్దాన్ని ముక్కలు చేసుకుని ఒక్కో ముక్కకు లెక్క కడుతుంది. ముక్క మధ్యలో దెబ్బ పడితే ఆ లెక్కలో తేడా ముక్కంతా పాకుతుంది. దెబ్బకు ముందే స్స్‌మని గాలి పోయినట్టు వినిపిస్తుంది. ప్రీ-ఎకో అంటారు. తక్కువ బిట్‌రేటు, అంటే సెకనుకు తక్కువ కిలోబిట్లు తినే ఫైలు ఒకటి హెడ్‌ఫోన్‌లో విని చూడండి.

చెక్కభజన మాట వచ్చింది కాబట్టి, మిగతా అంశం పక్కన పెట్టి నేను వచ్చిన పని చెప్పేస్తా.

1996 ప్రాంతంలో పులివెందుల దగ్గర ఒక పల్లెలో, శ్రీరామనవమి రాత్రి, రామాలయం ముందు భజన రికార్డు చేశాను. మొదలుపెట్టే ముందు గురువు మైకు ముందుకొచ్చి ఊరి పేరు చెప్పాడు. తర్వాత తన గుంపులో ఒక్కొక్కరి పేరూ, తండ్రి పేరుతో సహా చెప్పాడు. నాకు విసుగొచ్చింది. "పెద్దాయనా, టేపు అయిపోతాది" అన్నాను. "అయిపోతే ఒక పాట తగ్గిస్తాంలే నాయనా, పేర్లు ఉండనీ" అన్నాడు. పాడేటప్పుడు నడుమ వోల్టేజీ పడిపోయి టేపు నెమ్మదించింది. అందుకే ఇప్పుడు వింటే ఆ ఒక్క చోట గొంతులన్నీ సన్నబడి పరిగెత్తుతాయి.

ఈ మధ్య మా మనవడు ఫోన్లో ఒక భజన పెట్టి "తాతా, ఇది విను" అన్నాడు. గొంతులు సన్నబడే చోటు రాగానే గుర్తుపట్టాను. నా కాసెట్టే! కానీ ఊరి పేరు లేదు. మనుషుల పేర్లు లేవు. గురువు మాట్లాడిన ముక్క మొత్తం కత్తిరించి, పైన ఎవరిదో ఛానల్ పేరు వేసుకున్నారు. లక్షల మంది వింటున్నారు. పాడింది ఎవరో అందులో ఒక్కరికీ తెలీదు.

సరే, అసలు కాసెట్టు నా దగ్గరే ఉంది, పేర్లతో సహా మనమే నెట్‌లో పెడదామని పెట్టించాను. కాసేపటికే నోటీసు వచ్చింది, ఈ ఆడియో వేరేవాళ్లదని! పిల్లలూ, మీరు చదివేది ఇదే కదా, ఏ క్షణంలో ఏ శబ్దం గట్టిగా ఉందో గుర్తులు పెట్టుకుని, వాటిని ఆ సైటువాళ్లు పాటకు వేలిముద్రలా దాచుకుంటారు. ఆ ముద్ర ముందు ఎవరు నమోదు చేయిస్తే పాట వాళ్ల ఖాతాలో పడింది. ఎవరు పాడారు, ఎక్కడ పాడారు అని ఆ మెషిన్ అడగదు. అప్పీలు పెడితే రెండు లైన్ల జవాబు. పోయి పోట్లాడదామంటే కౌంటరు ఏదీ? కూర్చున్న మనిషేడీ?

చట్టం లేదా అంటే, ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలో, పాడినవాడికి తన పేరు చెప్పించుకునే హక్కు రాశారు. 2024లో హిందీ సినిమా గాయకుడు అరిజిత్ సింగ్ బాంబే హైకోర్టుకు వెళ్లి, ఏఐతో తన గొంతు వాడుకోకుండా ఉత్తర్వు తెచ్చుకున్నాడు. మంచిదే. మా గురువు ఏ కోర్టుకు పోవాల? మనిషే లేడు.

ఇంకో మాట. తాళ్లపాక మన పక్కనే. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద చెక్కించారు, పాట పైన రాగం పేరు కూడా వేశారు. రాగం పేరు మిగిలింది కానీ పాడే బాణీ చాలావాటికి దక్కలేదు. అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కూర్చుని మళ్లీ బాణీలు కట్టాల్సి వచ్చింది. మనకు ఇప్పుడు తిరగబడింది, బాణీ ఉంది, గొంతుంది, పేరే లేదు. ఎంపీ3లో పేరు రాసుకునే జాగా లేక కాదు. ఆ జాగాను ట్యాగు అంటారు. మొదట్లో ఫైలు ఆఖర్లో 128 బైట్లు ఇచ్చారు, అందులో గాయకుడి పేరుకు 30. తెలుగు అక్షరాలు అందులో లెక్కలోకే రాలేదు. తర్వాత వచ్చిన పద్ధతిలో తెలుగు బ్రహ్మాండంగా పడుతుంది. అయినా మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే షాపుల్లో చూడండి, అన్నీ ట్రాక్ 01, ట్రాక్ 02.

అన్నమయ్య వేంకటేశుడి ముద్రను పాట లోపలే పెట్టాడు. వేమన తన పేరును ఆఖరి పాదంలో పెట్టాడు. అది కోస్తే పద్యమే కుంటిదవుతుంది. మా గురువు పాపం పేర్లను పాటకు ముందు పెట్టాడు, కోసేవాడికి పని సులువైంది. అందుకే అడుగుతున్నా, మీ ఊళ్లో భజన గానీ కోలాటం గానీ ఫోన్లో రికార్డు చేస్తే, పాట నడుమ ఆపించి అయినా సరే, పేర్లు చెప్పించండి. విసుక్కోవద్దు. ట్యాగులో తెలుగులో రాయండి. ఆ వేలిముద్రల మెషిన్లు రేపు తయారుచేసేది మీరే, అందులో పాడినవాడి గడి ఒకటి తప్పనిసరి చేయండి. ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వొద్దు.

ఇంట్లో పాత కాసెట్లు ఉంటే తీసుకురండి. బూజు పట్టినవాటిని తుడవొద్దు, ప్లేయర్లో వేసి చూడొద్దు, టేపు తెగుతుంది. బయట బల్ల దగ్గర మా మనవడు పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. ఏ ఊరు, ఎవరు పాడారు, రాయించి ఇవ్వండి. తెలియకపోతే ఊళ్లో ముసలోళ్లను అడిగి వచ్చే వారం ఇచ్చినా పర్లేదు.