రిపోర్టు ముందు ఎవరు తెరవాలి?

అందరికీ నమస్కారం. పుంగనూరు, పలమనేరు, పీలేరు నుంచి పొద్దున్నే బస్సెక్కి తిరుపతి దాకా వచ్చారు. కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

పెద్దపేగు క్యాన్సరుకి ఆపరేషన్ చేసి కుట్లు విప్పగానే "ఇంక అయిపోయినట్టేనా సార్?" అని అడుగుతారు. గడ్డ తీసేశాం, నిజమే. స్కానుకి కూడా అందని కణాలు ఎక్కడైనా మిగిలుంటే అవి తలెత్తేది ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలో. అందుకే మొదట్లో తరచుగా, తర్వాత ఎడం పెంచుతూ 5 ఏళ్ల దాకా పిలుస్తాం. సాధారణంగా సీఈఏ రక్తపరీక్ష (జబ్బు తిరగబెడితే ఈ అంకె పెరగొచ్చు) మొదటి 2 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, ఆపైన 6 నెలలకోసారి. జబ్బు దశని బట్టి సీటీ స్కాన్. ఆపరేషనైన ఏడాదికి కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష; బాగుంటే మళ్లీ 3 ఏళ్లకి. గడ్డ అడ్డుపడి ఆపరేషనుకి ముందు పేగంతా చూడలేకపోయినవాళ్లకి మాత్రం ఏడాది ఆగం, 3 నుంచి 6 నెలల్లోనే చేస్తాం.

కొలనోస్కోపీకి రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జామకాయ, వేరుశనగ చట్నీ వద్దంటాం. మన వైపు చట్నీ మానమంటే ఆపరేషన్ కన్నా పెద్ద శిక్షే, తెలుసు.

అసలు బాధ రక్తం ఇచ్చి ఇంటికెళ్లాక మొదలవుతుంది. రిపోర్టు రాత్రిపూట వాట్సాప్‌లో వస్తుంది. బెంగళూరులో ఉన్న కొడుకు ముందు తెరుస్తాడు, గూగుల్లో వెతుకుతాడు, "అమ్మకి చెప్పొద్దు" అని చెల్లెలికి ఫోన్ చేస్తాడు. అమ్మకి ఆ గుసగుసలు వినబడనే వినబడతాయి. ఇంక అన్నం సహించదు. తీరా చూస్తే పోయినసారి 2.8, ఈసారి 3.6! పొగతాగేవాళ్లకి సీఈఏ ఎక్కువుంటుంది, కాలేయం జబ్బుల్లో పెరుగుతుంది, ల్యాబు మారినా అంకె మారుతుంది. ఒక్క అంకె చూసి మేమేదీ తేల్చం. మళ్లీ చేయిస్తాం, వరసగా పెరుగుతుంటే స్కాన్ తీస్తాం. అందుకే ఒకసారి వేలూరులో, ఇంకోసారి చిత్తూరులో చేయించకుండా ఒకే ల్యాబుని పట్టుకోండి.

రక్తం ఇవ్వకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి, రిపోర్టు ఎవరు తెరవాలో. జబ్బు ఎవరిదో వాళ్లనే అడగండి. కొందరు తామే చూస్తామంటారు, కొందరు డాక్టరు ముందే తెరుద్దామంటారు. రెండూ సరే. దాచడం ప్రేమతోనే, కాదనను. కానీ దాచిన ఇంట్లో భయం రెట్టింపవడమే నేను చూశాను. ఓపీ తేదీ దగ్గర పెట్టుకుని పరీక్ష చేయించుకుంటే ఎదురుచూపైనా తగ్గుతుంది.

తిరగబెడితే ఇక చేసేదేమీ లేదనుకునేవాళ్లు పరీక్షలకే రారు. కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో ఒకటి రెండు మచ్చలుగా ఉన్నప్పుడే దొరికితే చాలామందికి మళ్లీ ఆపరేషన్ చేసి తీసేయొచ్చు. కొందరికి పూర్తిగా నయమవుతుంది కూడా. ఇన్నిసార్లు మిమ్మల్ని పిలిచేది అందుకే.

ఇంకొక్కటి. తోడొచ్చిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు: మీక్కూడా 40 ఏళ్లకి కొలనోస్కోపీ కావాలి. లేదా మీవాళ్లకి జబ్బు బయటపడిన వయసుకి 10 ఏళ్ల ముందు, ఏది ముందొస్తే అది. టీ దగ్గర నన్ను కలవండి, ఎవరికెప్పుడో రాసిస్తాను.