గాజు, గ్లాసు, అద్దం, నార: ఈ మాటలు ఎక్కడివి?

బంగారు గాజులు అని రోజూ అంటూనే ఉంటాం, మరి అందులో గాజు ఎక్కడుంది? స్టీలు గ్లాసూ అంతే, ఉన్నదంతా స్టీలే.

[తెర మీద: కాచము → గాజు]

సంస్కృతంలో కాచం అంటే గాజు పదార్థం. ప్రకృతి-వికృతుల్లో కాచము–గాజు అని బళ్లో చదివే ఉంటారు. ఆ పదార్థంతో చేతికి వేసుకునేవి చేస్తే వాటికీ అదే పేరు పడింది, తర్వాత అదే ఆకారాన్ని బంగారంతో చేసినా పేరు మారలేదు. ఇంగ్లీషు గ్లాస్‌కీ ఇలాగే జరిగింది, ముందు పదార్థం, ఆ తర్వాత దాంతో చేసిన పాత్ర. మనం తెచ్చుకున్నది ఆ రెండో అర్థాన్నే, అందుకే ప్లాస్టిక్‌దైనా గ్లాసే. నాకు భలే నచ్చే విషయం ఇది.

అద్దం ఆదర్శం నుంచి వచ్చింది. ఆదర్శం అంటే మొదట్లో ముఖం చూసుకునేదే, దృశ్ అంటే చూడటం కదా. ఇప్పుడు ఆదర్శం అంటే వేరే అర్థం వచ్చేసింది, అద్దం మాత్రం పాత పనిలోనే ఉంది, పైగా కళ్లద్దాల దాకా పాకింది.

[తెర మీద: నార, పీచు, పోగు]

ఇక ఫైబర్. లాటిన్ ఫిబ్రా నుంచి వచ్చిన మాట. తెలుగులో దానికి ఒక్క మాట చాలదు. చెట్టు నుంచి తీసేది నార, కొబ్బరికాయ మీద ఉండేది పీచు, మగ్గం మీద పోగు. వీటిలో నార ద్రావిడ మాట, తమిళంలో నార్, కన్నడలో నారు.

మరి ఇంటర్నెట్ మోసే ఆప్టికల్ ఫైబర్‌ని ఏమనాలి? గాజునార అనడానికి నాకు మనసొప్పదు. నారని చీల్చి తీస్తాం, ఇది అలా రాదు. లావుపాటి గాజు కడ్డీని నిలువుగా వేలాడదీసి కింది కొసని సుమారు 2000 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తారు, మెత్తబడి కిందికి జారేదాన్ని పట్టుకుని లాగుతూ పోతే 125 మైక్రాన్ల పోగు వస్తుంది, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఒక్క కడ్డీ అలా కిలోమీటర్ల పొడవున సాగుతుంది.

[తెర మీద: తన్ → తంతువు]

పాఠ్యపుస్తకాల్లో దీన్ని తంతువు అంటారు. మరీ పుస్తకాల మాట అని పక్కన పెట్టేస్తుంటాం, కానీ దాని మూలమైన తన్ ధాతువుకి సాగదీయడం అనే అర్థం ఉంది. గాజు ఫైబర్‌కి ఇంతకన్నా అతికే మాట నాకు దొరకలేదు, మీరు పోగు అంటానంటే మాత్రం అదీ బాగానే ఉంటుంది.