పదిహేడో తారీఖు, అక్క లెక్క

హోస్ట్: అక్కా, రికార్డింగ్ ఆన్‌లో ఉంది. ఆ టీ కప్పు పక్కన పెట్టు, చప్పుడు వస్తోంది.

అతిథి: పెట్టాను తమ్ముడూ. బయట ఉల్లిగడ్డల ఆటో మైకు మాత్రం నా చేతిలో లేదు.

హోస్ట్: ఉండనీ, హైదరాబాద్ అని తెలుస్తుంది. సరే, ఈ సెప్టెంబర్ 17 పిచ్చి నీకెప్పుడు పట్టింది?

అతిథి: 2022లో. ఒకే రోజు, ఒకే ఊళ్లో రెండు సభలు. పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం వాళ్లది విమోచన దినం, పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం వాళ్లది సమైక్యతా దినం. ప్రభుత్వం మారింది, 2024లో అదే రోజు ప్రజా పాలన దినోత్సవం అయింది. మా నానమ్మ బతికినంత కాలం వీటిలో ఒక్క మాటా అనలేదు. "పోలీస్ యాక్షన్ అయినంక" అనేది. ఎవరి పెళ్లి ఎప్పుడు, ఎవరు ఎప్పుడు పుట్టారు, అన్నిటికీ అదే లెక్క.

హోస్ట్: పోలీసులు వచ్చారనుకునేవాణ్ని చిన్నప్పుడు.

అతిథి: నేనూ అంతే! వచ్చింది మిలిటరీ, నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలపడానికి. 1948 సెప్టెంబర్ 13న మొదలైంది, 17న నిజాం లొంగిపోయాడు. మా స్కూల్లో పాఠం అక్కడికే సరి. పటేల్ సైన్యాన్ని పంపాడు, నిజాం తరఫున తుపాకులు పట్టిన రజాకార్లు ఓడారు, నాలుగు మార్కులు.

హోస్ట్: మరి ఆ తర్వాత?

అతిథి: అది ఆబిడ్స్‌లో దొరికింది. ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు కదా, అట్ట ఊడిన పుస్తకం, బేరమాడితే యాభై రూపాయలు. అందులో సుందర్‌లాల్ కమిటీ గురించి ఉంది. సైన్యం వచ్చాక ముస్లింల మీద ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ పంపిన కమిటీ. ఎంత తగ్గించి చెప్పినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

హోస్ట్: కోపం వచ్చిందా?

అతిథి: ఏడాది పాటు ఇంట్లో ఎవరినీ వదల్లేదు. మీకు చెప్పినవన్నీ అబద్ధాలని పెళ్లి భోజనాల దగ్గర కూడా గొడవే. ఒక రోజు మా బాబాయ్ పప్పు వడ్డిస్తూ, "బైరాన్‌పల్లి సంగతి చదివినవా బిడ్డా?" అన్నాడు. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఆ ఊరి మీద పడి జనాన్ని కాల్చి చంపారు. ఇంటికెళ్లి చూస్తే నా పుస్తకంలోనే ఉంది. ఆ పేజీలు నేనే గబగబా తిప్పేశా.

హోస్ట్: అయ్యో.

అతిథి: సిగ్గేసింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టా, అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో కూర్చుని. ఫ్యాన్ కింద సీటు దొరికిన రోజు పండగే. షోయబుల్లా ఖాన్ తెలుసా? 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక ఎడిటర్. భారత్‌లో కలవాలని రాసినందుకు అదే ఆగస్టులో, మన కాచిగూడలో, రజాకార్ల చేతిలో చచ్చిపోయాడు. ఆయన్ని హిందూ ముస్లిం కథలో ఏ పక్కన కూర్చోబెడతావ్? ఇంకోటి, గడీలు వదిలి పట్నం పారిపోయిన దొరలు మిలిటరీ వెనకాలే ఖద్దరు టోపీలతో తిరిగొచ్చారు. కమ్యూనిస్టుల అండతో పేదలు పంచుకున్న భూములు మళ్లీ లాక్కున్నారు. కమ్యూనిస్టులు 1951 అక్టోబర్ దాకా తుపాకీ దించలేదు. నిజామేమో 1950లో రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి పదవి, అయ్యాడు!

హోస్ట్: లొంగిపోయినాయన!

అతిథి: ఆయనే.

హోస్ట్: మరి నానమ్మ ఆ చావుల గురించి ఎప్పుడూ చెప్పలేదా?

అతిథి: కమిటీ లెక్కలో ఎక్కువ నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. మాది నల్గొండ వైపు. అందుకే ఆమెకు తెలియదని సరిపెట్టుకున్నా. కానీ ఒకసారి, రంజాన్‌కి తమకు సేమియా పంపే ఇల్లొకటి ఉండేదని చెప్పింది. పోలీస్ యాక్షన్ అయినంక తాళం పడ్డదట. ఎటు పోయారని అడిగితే, "పట్నం పోయిన్రేమో" అని చేట అందుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది. నేనప్పుడు ఇంటర్. సీరియల్ టైమైందని లేచి వెళ్లిపోయా.