ఎనభై నాలుగులో నేను వేసిన ఓటు

సభకు నమస్కారం.

నన్ను మాట్లాడమని పిలిచిన తమ్ముడు ఫోన్‌లో ఒక మాటన్నాడు. "ఢిల్లీ రాజకీయాల మీద మనసు విరిగిన లిబరల్ ఎవరున్నారని అడిగితే అందరూ మీ పేరే చెప్పిన్రు సార్." అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక సరే అన్నాను.

మన ఊళ్లో లిబరల్ అన్న మాటకు ఎన్నడూ గౌరవం లేదు. ఎనభైల్లో నేను కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేటప్పుడు ఎర్రజెండా మిత్రులు "నువ్వు ఉత్త లిబరల్‌వి" అనేవారు. వెన్నెముక లేనివాడని అర్థం. ఇవాళ మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అదే మాటకు దేశద్రోహి అని అర్థం. నేను ఉన్నచోటే ఉన్నాను, తిట్టేవాళ్లు మారారు. నా వరకు దాని అర్థం చిన్నది. ఎవరు గెలిచినా సరే, గెలిచే పద్ధతి, చట్టం చేసే పద్ధతి సక్రమంగా ఉండాలి, కాదన్నవాణ్ణి జైల్లో వేయకూడదు. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి, ఇంతకు మించిన సిద్ధాంతం నాకు అబ్బలేదు.

నా మొదటి ఓటు 1984 డిసెంబర్‌లో వేశాను. అప్పట్లో ఓటుకు ఇరవై ఒకటి నిండాలి, నాకు ఇరవై మూడు. హన్మకొండ లోక్‌సభ స్థానం. నియోజకవర్గాల పునర్విభజనలో ఆ పేరే పోయింది కాబట్టి ఇక్కడున్న పిల్లలకు తెలియకపోవచ్చు. కాంగ్రెస్ అభ్యర్థి పి.వి. నరసింహారావు గారు. లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన మనిషి, ఇక్కడి నుంచే 1977లోనూ 1980లోనూ గెలిచారు, అప్పటికి కేంద్ర హోం మంత్రి. ఇన్ని భాషలు వచ్చిన పండితుడికి కాక నాలాంటివాడు ఇంకెవరికి వేస్తాడు?

కానీ ఆ ఆగస్టు 16న ఢిల్లీ పంపిన గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. మెజారిటీ ఉన్న ముఖ్యమంత్రి. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి దిగి రెండు రోజులే అయింది. నెల రోజుల పాటు రాష్ట్రమంతా రోడ్ల మీదే ఉంది. సెప్టెంబర్ 16న ఆయన కుర్చీ ఆయనకు ఇచ్చారు గానీ నా కోపం దిగలేదు. హన్మకొండలో తెలుగుదేశం మద్దతుతో బీజేపీ నుంచి చందుపట్ల జంగారెడ్డి గారు నిలబడ్డారు. బ్యాలెట్ మీద ఆయన గుర్తుకు గుద్దాను ముద్ర.

ఇందిరాగాంధీ హత్య తర్వాత జరిగిన ఎన్నికలవి. దేశంలో కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా సీట్లు వచ్చాయి. బీజేపీకి వచ్చినవి రెండే రెండు. ఒకటి గుజరాత్‌లో మెహసానా, రెండోది మన హన్మకొండ. నవ్వండి, నాకేం ఫర్వాలేదు. నేను బీజేపీకి వేయలేదు, ఆ గవర్నర్ చేసిన పనికి వ్యతిరేకంగా వేశాను అని నలభై ఏళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. బ్యాలెట్ డబ్బాకు ఆ ముచ్చట తెలియదు కదా.

పీవీ గారు ఆ ఎన్నికల్లోనే మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచారు, 1991లో ప్రధాని అయ్యారు. 1992 డిసెంబర్ 6 ఆయన హయాంలోనే వచ్చింది. అయోధ్యకు కరసేవకులను పిలిచిన పార్టీకి ఒకప్పుడు ఓటేసింది నేనే, మసీదును కాపాడలేకపోయిన ప్రధానిని ఒకప్పుడు ఓడించిందీ నేనే. ఎవరిని తిట్టడానికీ నోరు రాలేదు.

అయినా ఆ ఓటు మీద నాకు ఇప్పటికీ ఒక మమకారం ఉంది. తప్పు చేశారని మన ఊరు అనుకుంది, సాక్షాత్తు హోం మంత్రినే ఇంటికి పంపింది. ఆ దెబ్బ ఢిల్లీకి తగిలింది. ఇప్పుడు నా ఓటు ఎవరికి తగులుతుంది?

క్లాసులో ఆర్టికల్ 93 చెప్పేవాణ్ణి. లోక్‌సభ వీలైనంత త్వరగా స్పీకర్‌ను, డిప్యూటీ స్పీకర్‌ను ఎన్నుకోవాలి. ఇంటర్ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. 2019 నుంచి 2024 వరకు ఐదేళ్లూ లోక్‌సభకు డిప్యూటీ స్పీకరే లేరు. 2023 డిసెంబర్‌లో రెండు సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష ఎంపీలను సస్పెండ్ చేశారు, కొత్త నేర చట్టాలు మూడూ ఆ ఖాళీ బెంచీల ముందే పాసయ్యాయి. మోదీ గారితోనే మొదలైందని అనకండి, 1989లో రాజీవ్ గాంధీ ఉండగా ఒక్కరోజే 63 మందిని బయటికి పంపారు.

నా అసలు బాధ ఇంకొకటి. 2020 సెప్టెంబర్‌లో రైతు బిల్లులను రాజ్యసభలో మూజువాణి ఓటుతో కానిచ్చారు. ఓట్లు లెక్కపెట్టండి అని ప్రతిపక్షం అరుస్తూనే ఉంది. నేను రగిలిపోయి గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాను. నా పాత స్టూడెంట్ ఒకడు ఒక్క లైన్ రాశాడు. "సార్, 2014 ఫిబ్రవరి 18 యాదికున్నదా?"

యాదికి లేకుండా ఎట్లా ఉంటుంది! లోక్‌సభలో తెలంగాణ బిల్లు పాసైన రోజు. టీవీ ప్రసారం ఆగిపోయింది. అదీ మూజువాణి ఓటే. ఆ సాయంత్రం హన్మకొండ చౌరస్తాలో పటాకులు కాల్చినవాళ్లలో నేనూ ఉన్నాను, స్వీట్లు పంచినవాళ్లలోనూ ఉన్నాను. టీవీ ఎందుకు ఆపారని ఆ రోజు ఒక్కరిని అడగలేదు. తెలంగాణ రావలసిందే, దాని మీద నాకు రెండో మాట లేదు. కానీ పద్ధతి పద్ధతి అని గుండెలు బాదుకునే నేను, నాకు కావలసింది చేతికి అందుతున్నప్పుడు దాన్ని మరిచిపోయాను. ఆ పిల్లవాడికి ఇప్పటిదాకా జవాబు పెట్టలేదు.

ఉగ్రవాదం పేరుతో జైల్లో పెట్టే ఉపా చట్టం సంగతీ ఇంతే. ఈ ఊరికి అది ఎక్కడో ఢిల్లీలో జరిగే కథ కాదు. పౌరహక్కుల డాక్టర్ రామనాథం గారిని 1985 సెప్టెంబర్ 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపిన ఊరు ఇది. అవే పౌరహక్కుల కోసం నిలబడ్డ బాలగోపాల్ గారు లెక్కలు చెప్పిన యూనివర్సిటీ ఉన్న ఊరు. వీళ్లయితే కొంత నయం అనుకుని నేను 2004లో ఓటేసిన కాంగ్రెస్సే, ముంబై దాడుల తర్వాత 2008 డిసెంబర్‌లో ఆ చట్టానికి కోరలు పెట్టింది. నాలుగు నెలలకు మళ్లీ వాళ్లకే వేసి వచ్చాను. 2019లో బీజేపీ ప్రభుత్వం ఒక మనిషినే టెర్రరిస్టుగా ప్రకటించేలా దాన్ని ఇంకా బిగిస్తే, రాజ్యసభలో కాంగ్రెస్ వాళ్లూ అవునన్నారు.

కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ గురించి ఎక్కువ చెప్పను, మీ అందరికీ వచ్చిన పాటే. ఎనభైల్లో మనకన్నారు, పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. 2014 విభజన చట్టంలో పరిశీలిస్తాం అని రాశారు. 2023 జూలైలో వ్యాగన్ల యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. నా మొదటి ఓటు నుంచి ఆ రాయి దాకా దాదాపు నలభై ఏళ్లు.

ఇక పోయిన లోక్‌సభ ఎన్నికలు. వరంగల్‌లో బీఆర్ఎస్ టికెట్ ఇచ్చిన అభ్యర్థి రోజుల్లోనే టికెట్ వద్దని కాంగ్రెస్‌లో చేరారు, ఆ పార్టీ నుంచే గెలిచారు. బీజేపీ అభ్యర్థి అంతకు కొన్ని వారాల ముందు దాకా బీఆర్ఎస్ నాయకుడే. నేను ఏ పార్టీ మీద కోపంతో ఏ పార్టీకి వేయాలి? నోటా నొక్కవచ్చు కదా అంటారు. ఇండోర్‌లో 2,18,674 మంది నొక్కారు. అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ వెనక్కి తీసుకుని బీజేపీలో చేరిపోయాడు. గెలిచినాయన పదకొండు లక్షలకు పైగా మెజారిటీతో హాయిగా ఢిల్లీ వెళ్లారు.

2024 మే 13న ఎండ ముదరకముందే పోదామని ఇంటామెను తొందరగా లేపి బూత్‌కు తీసుకుపోయాను. బటన్ నొక్కాక వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. ఆ ఏడు సెకన్లూ దాన్నే చూస్తూ నిలబడ్డాను. తర్వాత తెగి కింద పడింది. బయటికొచ్చాక ఆమె అడిగింది.

"ఎవ్వలకేసిన్రు?"

"ఎవ్వలకేస్తే ఏంది? లెక్కపెట్టేదాకా ఆళ్లు ఏ పార్టీల ఉంటరో."

"మరి నన్నెందుకు పొద్దుగాల్నే లేపుకొచ్చిన్రు?"

స్కూటర్ స్టార్ట్ చేశాను గానీ జవాబు చెప్పలేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. తమ్మీ, మైక్ ముందుగా ఆ వెనక వరుసకు ఇవ్వు.