ప్రొబేషన్‌కు నిధులు దేన్ని చూసి ఇవ్వాలి? – చెన్నై స్టూడియో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. నేరం రుజువైనా జైలుకు పంపకుండా, బాండు రాయించుకుని పర్యవేక్షణలో ఉంచడమే ప్రొబేషన్. మద్రాసు ప్రెసిడెన్సీకి 1936లోనే దీనికి చట్టం ఉంది. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలూ ఇందులోనివే. దేశమంతటికీ చట్టం 1958లో వచ్చింది. సార్, మీరు ప్రొబేషన్ అధికారిగా చేసి రిటైరయ్యారు. డబ్బు ఎక్కడ అవసరం?

విశ్రాంత అధికారి: తిరగడానికమ్మా. కుర్రవాడి ఇల్లు వ్యాసర్పాడిలో, పని అంబత్తూరులో అనుకోండి. ఇంట్లోవాళ్లతో, ఇరుగుపొరుగుతో, పని ఇచ్చినాయనతో మాట్లాడితేనే కోర్టుకు నివేదిక రాయగలం. పర్యవేక్షణతో పాటు పని దొరికేలా సాయపడటం కూడా 1958 చట్టం 14వ సెక్షన్ ప్రకారం మా బాధ్యతే. బస్సు చార్జీకి కూడా వెనకాడాల్సి వస్తే ఆ సాయం కాగితం మీదే మిగులుతుంది.

న్యాయవాది: నివేదిక ఆలస్యమైతే వాయిదా పడుతుంది. యావజ్జీవం పడేంత నేరం కాకపోతే, 21 ఏళ్లు నిండనివాళ్ల విషయంలో కోర్టు ఆ నివేదిక తెప్పించుకుని చూడాలని 6వ సెక్షన్ చెబుతోంది. అది రాక కుర్రాళ్లు పుఝల్ జైల్లో ఎదురుచూడటం నాకు మహా అన్యాయంగా తోస్తుంది.

సమన్వయకర్త: మరి ఇచ్చిన డబ్బు ఫలించిందని ఎలా తెలుస్తుంది మేడమ్?

పరిశోధకురాలు: కాలిఫోర్నియాలో 2009లో ఒక చట్టం చేశారు. అక్కడ ప్రొబేషన్ నడిపేది కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి; రాష్ట్ర జైళ్ల ఖర్చు భరించేది రాష్ట్రం. ప్రొబేషన్‌లో విఫలమై రాష్ట్ర జైలుకు వెళ్లేవాళ్లు తగ్గితే, రాష్ట్రానికి మిగిలిన సొమ్ములో కౌంటీకి వాటా ఇవ్వాలన్నారు. పోల్చడానికి 2006 నుంచి 2008 వరకున్న లెక్కలు తీసుకున్నారు. ఆ సొమ్ము మళ్లీ పర్యవేక్షణకే ఖర్చు పెట్టాలన్నారు. ఎన్ని ఫైళ్లున్నాయని కాకుండా ఏం జరిగిందని అడగటం నాకు నచ్చింది.

విశ్రాంత అధికారి: నాకు భయంగా ఉందమ్మా. ఫలితానికే డబ్బంటే, తేలిగ్గా దారికొచ్చేవాళ్లకే సిఫారసు రాస్తారు. తాగుడుకు బానిసైనవాడు, రెండోసారి దొరికినవాడు జైలుకే పోతారు.

పరిశోధకురాలు: నిజమే సార్. అందుకే మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎంత ఉన్నవాళ్లను తీసుకున్నారో ముందు రాసుకుని, అదే స్థాయివాళ్లతోనే పోల్చాలి. మళ్లీ నేరం చేశాడా అన్నదొక్కటే చాలదు. పనిలో నిలిచాడా? 5వ సెక్షన్ కింద కోర్టు చెప్పిన పరిహారం బాధితుడికి అందిందా? ఇవీ చూడాలి.

న్యాయవాది: పరిహారం సంగతి మా దగ్గర ఎవరూ అడగరు. సొమ్ము పోగొట్టుకున్నవాడికి అదేగా న్యాయం!

సమన్వయకర్త: సార్, ఇలా కొలిస్తే మీరు ఒప్పుకుంటారా?

విశ్రాంత అధికారి: ఒప్పుకుంటాను. అయితే బాండు మూడేళ్ల దాకా ఉండొచ్చు. ఆరు నెలలకే లెక్క చూసి నిధులు కోయకూడదు. అధికారి మారితే కొత్తాయనకు పాత వివరాలన్నీ అందాలి. అలా చేస్తామంటే నా పనిని ఎవరైనా కొలవొచ్చు.