కలుపు లెక్కలో రాయని కూలి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల్ని పేరుపేరునా పలకరించాలని చీటీ రాసుకొచ్చాను గానీ, నాకిచ్చింది పావుగంట. అందరికీ కలిపి ఒకటే దండం.

"కలుపు నివారణ పద్ధతులు, ఖర్చులు" అని కార్డు మీద వేశారు. నేను చోడవరం వైపు చెరకు, వరి పండించేవాణ్ణి. ఈ విశాఖ హాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి ఊళ్లో భూమి ఉండే ఉంటుంది, కౌలుకిచ్చే ఉంటారు. కౌలుదారు ఫోన్ చేసి "కలుపుకే పోయింది బాబూ" అంటే నమ్మి ఉండరు. అందుకే వచ్చాను.

వరిలో ఊద అనే గడ్డి ఉంది. చూస్తే అచ్చం వరే. కంకి తీసేదాకా నేను పోల్చలేను. మా అమ్మ మాత్రం ఆకు మొదట్లో వేలు పెట్టి చెప్పేస్తుంది. వరికి అక్కడ పల్చటి పొర, చిన్న చెవుల్లాంటివి ఉంటాయి. ఊదకి ఉండవు. ఆ చూపుకి కూలి ఎంత కట్టాలో మీరే చెప్పండి.

నాటిన 3 నుంచి 5 రోజుల్లోపు ప్రెటిలాక్లోర్ అనే కలుపు మందు ఎకరాకు 500 మిల్లీలీటర్లు, ఇసకలో కలిపి, పల్చగా నీళ్లుంచి చల్లుతాం. అది తప్పితే 15, 20 రోజులకి బిస్‌పైరిబాక్ సోడియం 100 మిల్లీలీటర్లు, మడిలో నీళ్లు తీసేసి కొట్టాలి. మనుషుల్ని పెట్టి తీయిస్తే నా పొలంలో ఎకరాకు పదిమంది, మనిషికి 300. అంటే 3,000, టీలు కాకుండా. మందుకి అందులో సగం కూడా అవదు. అందుకే మందులోకి దిగాం. తప్పనను, నేనూ కొడతాను. చేత్తో తోసి కలుపు తీసే కోనో వీడర్ మంచిదే గానీ వరసల్లో నాటితేనే నడుస్తుంది.

చెరకుకి నాటిన మూడు రోజుల్లో అట్రాజిన్ అనే కలుపు మందు, ఎకరాకు 2 కిలోలు, 450 లీటర్ల నీళ్లలో. మందు కొట్టే 16 లీటర్ల డబ్బా అయితే 28 సార్లు వీపుకెత్తాలి. మందు ధర దుకాణంవాడు చెబుతాడు, ఈ 28 మోతలు ఎవడు చెబుతాడు? చెరకు చెత్త కాల్చకుండా సాళ్ల మధ్య పరిస్తే కలుపూ తగ్గుతుంది, మొవ్వు తొలిచే పీక పురుగూ తగ్గుతుంది, తేమా నిలుస్తుంది. పరవడానికి మళ్లీ మనుషులే కావాలి. తుంగ గడ్డి గురించి అడక్కండి. పైన పీకితే కింద గడ్డ నవ్వుతుంది.

అసలు సంగతికొస్తాను. ఒక ఏడాది చెరకులో వెడల్పాకు కలుపు మీద 2,4-డి అనే కలుపు మందు కొట్టాను. డబ్బా ఒక్కసారి తొలిపి పక్కన పెట్టాను. వారం పోయాక అదే డబ్బాతో అమ్మ టమాటా మడికి పురుగుమందు కొట్టాను. డబ్బాలో మిగిలిన కలుపు మందుకి నాలుగోనాటికి ఆకులు మెలికలు తిరిగి, సన్నబడి, కొమ్మలు వంకర్లు పోయాయి. అమ్మ తిట్టలేదు. "ఒరే, ఇది నీ లెక్కల పుస్తకంలో ఏ గీత కింద రాస్తావురా?" అంది.

పుస్తకం తీశాను. ఆ మడికి గీతే లేదు. అమ్మ, మా ఆవిడ వంగి కలుపు తీసిన రోజులకీ లేదు. "సొంత మనుషులు" అని సున్నా. తర్వాతి పంటకి రాసి చూశాను, ఇద్దరివీ కలిపి 41 రోజులు. బయటి కూలీ రేటు కడితే 12,300. ఆ పంటకి మిగిలింది అంతకన్నా తక్కువ.

అదిగో, గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. అయ్యా, అమ్మా, వచ్చే ఉగాదికి కౌలు పెంచేముందు మీ రైతు పుస్తకం అడగండి. ఇంటి ఆడవాళ్ల రోజులు అందులో ఉన్నాయేమో చూడండి. లేకపోతే మీరే రాయించండి.

మా ఇంట్లో ఇప్పుడు డబ్బాలు రెండు. కలుపు మందుదానికి అమ్మ ఎర్ర గుడ్డ పేలిక కట్టింది. ఏటా కొత్తది కడుతుంది.